ముందు దివాను జరుపు, టీవీ తర్వాత కొందువుగాని

విశాఖపట్నం

బుజ్జితల్లీ,

నువ్వు పంపిన పదకొండు ఫొటోలూ చూశాను. ఆ అట్టపెట్టెల మీద రాతలు చదవడానికి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. "మావయ్యా, నలభై వేలు దాటకూడదు, ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్పడం వచ్చినవాణ్ణయితే డాబాగార్డెన్స్‌లో ముప్ఫై ఏళ్ళు టీవీలు విప్పుకుంటూ ఎందుకు కూర్చుంటాను, షోరూమే పెట్టుకునేవాణ్ణి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అల్లుడికి కూడా చూపించు. అతను ఫోనులో రివ్యూలు చూసి ఓఎల్‌ఈడీ మీద మనసు పారేసుకున్నాడని మీ అమ్మ చెప్పింది.

మొన్న వ్రతానికి వచ్చినప్పుడు మీ హాలు చూశానుగా. మధురవాడలో ఆరో అంతస్తు, తూర్పు బాల్కనీ. పొద్దున్న ఏడింటికే ఎండ హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. టీవీ ఏమో సరిగ్గా ఆ తలుపుకి ఎదురు గోడ మీద ఉంది. మీ మావగారు దివాను మీద ఒక మూలన ఒరిగి, మెడ వంచి వార్తలు చూస్తున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని చూశాను. తెర మీద వార్తలు చదివే అమ్మాయి కంటే బాల్కనీలో నువ్వు ఆరేసిన తువ్వాళ్ళే స్పష్టంగా కనిపించాయి. ఆ గోడ మీద లక్ష రూపాయల టీవీ పెట్టినా కనిపించేది తువ్వాళ్ళే.

కాబట్టి మొదటి పనికి పైసా ఖర్చు లేదు. టీవీని షోకేసు ఉన్న పక్క గోడకి మార్చు. దివానుని దానికి సూటిగా ఎదురుగా జరుపు. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే తెర లోపలి సంగతి కొంచెం చెప్పాలి.

ఇప్పుడు ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవన్నీ నిజానికి ఎల్‌సీడీ తెరలే. వెనక తెల్లటి వెలుతురు ఉంటుంది, ముందు లక్షల కొద్దీ బుల్లి తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ బొమ్మ కట్టిస్తాయి. ఒకప్పుడు ఆ వెలుతురుకి సన్న ట్యూబులైట్లు వాడేవారు, ఇప్పుడు ఎల్‌ఈడీలు వాడుతున్నారు. పేరు మారింది అందుకే. ఆ తలుపులు రెండు రకాలు. వీఏ అనే రకం గట్టిగా మూసుకుంటుంది. నలుపు నలుపులాగే ఉంటుంది, రాత్రి లైట్లు ఆపి సినిమా చూస్తే దాని అందం తెలుస్తుంది. అయితే పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ అనే రకం ఏ మూలనుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది, కానీ తలుపు సందుల్లోంచి వెలుతురు కారుతుంది. నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు కనిపిస్తుంది. లెక్కలో చెప్పాలంటే ఐపీఎస్‌లో తెలుపుకీ నలుపుకీ తేడా వెయ్యి రెట్ల దగ్గర ఆగిపోతుంది, వీఏలో మూడు వేలు, ఒక్కోసారి అయిదు వేలు దాకా ఉంటుంది.

దివాను మూలనే ఉండాలంటే నీకు ఐపీఎస్ తప్పదు. దివాను జరిపావా, వీఏ తీసుకోవచ్చు, రాత్రి మీ ఇద్దరూ చూసే సినిమాలు బాగుంటాయి. నేనైతే దివాను జరుపుతాను.

ఇంకో మాట. ఒకే మోడల్ పేరు మీద 43 ఇంచులకి ఒక రకం తెర, 55 ఇంచులకి ఇంకో రకం తెర వేయడం కంపెనీలకి మామూలే. అల్లుడు చూసే రివ్యూ ఏ సైజుదో చూడమను. పెట్టె మీద ఈ సంగతి రాయరు, సేల్స్ కుర్రాణ్ణి అడిగితే మొహం చూస్తాడు. షాపులో తెరకి ఎదురుగా ఒకసారి నిలబడు, తర్వాత గోడ వారగా నడిచి పక్కనుంచి చూడు. మనుషుల మొహాలు పాలిపోయినట్టయితే అది వీఏ.

ఇక క్యూఎల్‌ఈడీ. పేరు విని కొత్త జాతి అనుకోకు. అదే ఎల్‌సీడీ, వెలుతురుకీ తలుపులకీ మధ్యన క్వాంటమ్ డాట్ల పొర ఒకటి ఎక్కువ. వెనక నీలి ఎల్‌ఈడీల వెలుతురులో కొంత ఆ పొర స్వచ్ఛమైన ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది. దాంతో రంగులు నిండుగా వస్తాయి. పట్టుచీర పట్టుచీరలా ఉంటుంది. కానీ నలుపు ఒక్క వీసం కూడా పెరగదు. రెండు మూడు వేలు తేడా అయితే తీసుకో. పది వేలు అడిగితే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయ్.

ఓఎల్‌ఈడీ సంగతి. అందులో వెనక లైటే ఉండదు, ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, వద్దంటే పూర్తిగా ఆరిపోతుంది. నలుపంటే అమావాస్యే. ఏ పక్కనుంచి చూసినా తేడా రాదు. అల్లుడి కన్ను మంచిదే, కాదనను. కానీ 55 ఇంచులది లక్ష దగ్గర మొదలవుతుంది. డబ్బు మాట పక్కన పెట్టినా, మీ ఇంట్లో మీ మావగారు ఉన్నారు. పొద్దున్న కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా ఒకటే వార్తా ఛానల్. మన తెలుగు వార్తా ఛానళ్ళ తెర నీకు తెలిసిందే: మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద పరుగెత్తే పట్టీ, పక్కన బంగారం ధర. ఇవి కదలకుండా ఏళ్ళ తరబడి ఒకేచోట వెలిగితే ఓఎల్‌ఈడీలో ఆ చుక్కలు తక్కినవాటికంటే ముందు అరిగిపోతాయి. పెదవాల్తేరులో ఒకరి ఇంట్లో చూశాను. మనవరాలు కార్టూన్ పెట్టింది. నీలి ఆకాశంలో ఓ మూలన ఛానల్ లోగో దయ్యంలా లేతగా నిలబడి ఉంది. ఆ పెద్దాయన "ఇది తుడిస్తే పోదా బాబూ" అని తువ్వాలు తెచ్చారు. పోదు. చాలా కంపెనీలు దాన్ని వారంటీలో కూడా లెక్కపెట్టవు.

ఈ రెండింటికీ మధ్యన మినీ ఎల్‌ఈడీ అని వచ్చింది. అదీ ఎల్‌సీడీయే. వెనక పెద్ద దీపాల బదులు చాలా చిన్నవి గుంపులుగా పేరుస్తారు, బొమ్మలో చీకటి ఉన్నచోట ఆ గుంపుని తగ్గిస్తారు. ఎన్ని గుంపులున్నాయన్నదే ముఖ్యం, వాటినే జోన్లు అంటారు. జోన్లు తక్కువైతే చీకట్లో తెల్ల అక్షరాల చుట్టూ మసక వెలుగు కనిపిస్తుంది. మీ బడ్జెట్‌కి కొంచెం పైన ఉంటుంది. దసరాకో సంక్రాంతికో ఆఫర్లో పడి అయిదారు వేలు మాత్రమే తేడా వస్తే అప్పుడు నాకు ఫోన్ చెయ్, ఆలోచిద్దాం.

సైజు చెప్పడం తేలిక. దివాను నుంచి గోడ దాకా టేపు పట్టి, ఇంచుల్లో కొలిచి, సగం చెయ్. మీకు తొమ్మిది అడుగులు ఉండచ్చు, అంటే 108 ఇంచులు. సగం 54. లెక్క ప్రకారం 55 ఇంచులు సరిపోతుంది. కానీ మీ మావగారి కేబుల్ పెట్టె తక్కువ స్పష్టత ఉండే పాత ఎస్‌డీదైతే 55 మీద బొమ్మ సాగి, మైసూర్‌పాకు మీద నెయ్యిలా కరిగిపోయి కనిపిస్తుంది. తప్పు టీవీది కాదు, వచ్చే సిగ్నల్‌ది. కేబుల్ అబ్బాయితో మాట్లాడి హెచ్‌డీ పెట్టె పెట్టించు. కుదరదంటే 50 దగ్గర ఆగు.

వెలుగునీడల్ని ఇంకా బాగా చూపిస్తామని పెట్టె మీద అతికించే హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ అనే బిళ్ళలు చూసి మురిసిపోకు. ఆ రకం సినిమాలని ఎక్కువగా వెయ్యి నిట్ల (నిట్ అంటే తెర వెలుతురుకి కొలత) లెక్కన తయారు చేస్తారు. నీ ధరలో వచ్చే టీవీలు 250, 300 నిట్లు. సిగ్నల్ తీసుకుంటాయి, చూపించలేవు. అలాగే పెట్టె మీద 120 హెర్ట్జ్ అని, అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మారుతుందని రాసి ఉంటే అది నిజంగా తెర వేగమా, సాఫ్ట్‌వేర్ మాయా అని అడుగు. మీ ఇంట్లో వీడియో గేములు ఆడేవాళ్ళు లేరు, క్రికెట్‌కి 60 హెర్ట్జ్ చాలు. 2005లో మన పీఎం పాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు నా షాపులో ఇరవై తొమ్మిది ఇంచుల డబ్బా టీవీ ముందు రోడ్డు దాకా జనం. ఒక్కడైనా హెర్ట్జ్ అడిగాడా?

ఇప్పుడు నా వృత్తి మాట. టీవీలు పోయేది ఎక్కువగా తెర వల్ల కాదమ్మా, వెనక దీపాల వల్ల. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది చెప్పేది ఒకటే: "మాటలు వస్తున్నాయి, బొమ్మ రావట్లేదు." గదిలో లైటు ఆపి, టీవీ ఆన్ చేసి, సెల్‌ఫోన్ టార్చి తెరకి ఆనించి చూస్తాను. వెలుగు పడినచోట లేతగా మనుషులు కదులుతూ కనిపిస్తారు. అంటే తెర బతికే ఉంది, దీపాలు చచ్చాయి. విప్పితే అల్యూమినియం పట్టీ మీద వరసగా ఎల్‌ఈడీలు, ఒక్కోదాని మీద బఠాణీ గింజంత లెన్సు. వాటిలో ఒకటి నడిమధ్యన గోధుమరంగుకి మాడి ఉంటుంది. ఒకటి పోతే ఆ వరసంతా ఆరిపోతుంది. కారణం అడుగుతావేమో. షోరూములో బొమ్మ మెరవడానికి వెలుతురు పూర్తిగా పెంచి పెట్టే వివిడ్ మోడ్‌నే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉంచేయడం. బ్యాక్‌లైట్ నూటికి నూరు పెడితే ఆ వేడికి దీపాలు తొందరగా మాడతాయి. టీవీ బిగించిన రోజునే సినిమా మోడ్‌కి మార్చి, బ్యాక్‌లైట్ యాభై, అరవైకి దించు. మొదటి రెండ్రోజులు పసుపుగా ఉందని అందరూ గోల పెడతారు, తర్వాత అలవాటైపోతుంది. దీపాల పట్టీలు మార్చడం పెద్ద ఖర్చు కాదు. తెర పగిలితే మాత్రం ఇంచుమించు టీవీ ధరే. దానికి వారంటీ కూడా రాదు. పాప చేతిలో బంతి ఉంటుంది, టీవీ కాస్త ఎత్తులో బిగించు.

నేను మోసపోయిన కథ నీకు తెలీదు, మీ అత్తయ్య ఎవరికీ చెప్పనివ్వదు. అయిదేళ్ళ కిందట ఆన్‌లైన్లో సగం ధరకి వస్తోందని పేరు తెలియని ఒక కంపెనీ టీవీ కొన్నాను. టీవీ మెకానిక్కునే! పద్నాలుగో నెలలో తెర మీద నిలువు గీతలు వచ్చాయి. వాళ్ళ టోల్‌ఫ్రీ నంబరులో పాట తప్ప మనిషి గొంతు వినిపించలేదు. తెర అంచున అతికించే పలచటి రిబ్బను దగ్గర పాడైంది, ఆ భాగం ఏ బజారులోనూ దొరకలేదు. ఇప్పటికీ అది అటక మీద, పాత దుప్పటి కప్పుకుని ఉంది. కాబట్టి కంపెనీ ఏదైనా సరే, విశాఖలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనక ముందే ఫోన్ చేసి కనుక్కో. కంపెనీవాళ్ళే ఇచ్చే అదనపు వారంటీ రెండేళ్ళకి రెండు వేల లోపు దొరికితే తీసుకో. షాపువాడు తన సొంత కాగితం మీద రాసిచ్చే వారంటీ వద్దు.

స్టెబిలైజరు అంటగట్టబోతారు, అక్కర్లేదు. ఇప్పటి టీవీలు వంద వోల్టుల నుంచి 240 దాకా తట్టుకుంటాయి. ఆ డబ్బుతో మంచి స్పైక్ గార్డు కొని, ఎర్తింగ్ చూపించుకో. పిడుగులు పడే రోజు కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకేయాలి. చాలామంది రెండోది మర్చిపోతారు.

మన ఊరి గాలి కూడా ఉందిగా. లాసన్స్ బే నుంచి వచ్చే టీవీల వెనక మూత విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటుంది. మీరు సముద్రానికి కొంచెం ఎడంగా ఉన్నా, ఆరో అంతస్తు కదా, ఉప్పుగాలి వస్తుంది. వానాకాలం ఊరెళ్ళి నెలల తరబడి టీవీ ఆపి ఉంచకండి, ఎవరో ఒకరు వచ్చి అప్పుడప్పుడు ఓ గంట ఆన్ చేస్తే లోపలి చెమ్మ ఆరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి ఇళ్ళల్లోకి వాన కొట్టింది. కరెంటు రాగానే ఆత్రంగా స్విచ్చి వేసినవాళ్ళ టీవీలే మాడి నా దగ్గరికి వచ్చాయి. మూత విప్పించి ఆరబెట్టుకున్నవాళ్ళవి చాలావరకు బతికాయి. నీకు అలాంటి అవసరం రాకూడదు గానీ, తడిసిన టీవీకి కరెంటు ఇవ్వకూడదని గుర్తుపెట్టుకో.

డబ్బు విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకు ముందు కొన్నవాళ్ళు చెప్పే ధరతో పోల్చుకుని, డిస్కౌంటు ఇచ్చామన్న మాట నమ్మేయకు. నలభైలో ముప్ఫై అయిదు టీవీకి ఉంచు, మిగిలింది సౌండుబారుకి. పలచటి టీవీల్లో స్పీకర్లు కిందకి చూస్తుంటాయి, మీ మావగారికి వినికిడి తగ్గింది, వాల్యూమ్ పెంచితే పక్క ఫ్లాటువాళ్ళకి వార్తలు వినిపిస్తాయి తప్ప ఆయనకి మాట తెలియదు.

పాత టీవీ ఎక్స్‌చేంజికి ఇవ్వద్దు, వాళ్ళిచ్చేది చిల్లర. నాకు కావాలి, మీ అత్తయ్యకి వంటింట్లో పెడతాను.

ఆదివారం పదిన్నరకి ద్వారకానగర్ బస్‌స్టాండు దగ్గర ఉంటాను. పెన్‌డ్రైవ్‌లో నల్లటి బొమ్మ ఒకటి, చీకటి సీను ఒకటి వేసుకొస్తాను, షాపువాళ్ళ డెమో వీడియోలు ఆపించి అవి పెట్టిద్దాం. ఈలోపు దివాను జరిపి, అక్కణ్ణుంచి గోడ ఫొటో తీసి పంపు. టేపు కూడా కనిపించేలా తీయమ్మా.

మీ పెదమావయ్య