తామరకు మాత్రలు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: మా ఇంట్లో నలుగురికీ ఆరు నెలలుగా తామర. టెర్బినఫిన్ వాడినా తగ్గలేదు. జన్యుపరీక్షతో ఏం తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తామరను కలిగించే శిలీంధ్రం (ఫంగస్) తన కణత్వచానికి కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసుకోవడానికి వాడే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును టెర్బినఫిన్ అడ్డుకుంటుంది. శిలీంధ్రపు జన్యువు మారి, ఆ ఎంజైములో 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం చేరితే మందు పట్టు తప్పుతుంది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టిన, మన దేశంలో విస్తారంగా కనిపిస్తున్న శిలీంధ్ర జాతిలో ఈ మార్పు తరచుగా ఉంటుంది. సూక్ష్మదర్శినితో ఈ జాతిని దగ్గరి జాతుల నుంచి నమ్మకంగా వేరుచేయలేరు కనుక జన్యుపరీక్షలో శిలీంధ్రపు ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని చదువుతారు. ఫలితాన్ని బట్టి చర్మవైద్యులు ఇట్రకొనజోల్ వంటి మందుకు మారవచ్చు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం, దయచేసి, సొంతంగా వాడకండి. నలుగురూ ఒకేసారి చికిత్స తీసుకోండి.