గ్రూపులో చేర్చాక కూడా 'పర్మిషన్ డినైడ్' ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా ఆఫీసులో ఒక ఉబుంటు (లినక్స్) సర్వర్ ఉంది. నలుగురం వాడుకునే ఫైళ్లు నా హోమ్ డైరెక్టరీలోని ఒక ఫోల్డర్‌లో పెట్టాను. 'డిజైన్' అని గ్రూపు చేసి, ఫోల్డర్‌ను ఆ గ్రూపు పేరు మీదికి మార్చి 770 పర్మిషన్ (ఓనరుకీ గ్రూపుకీ అన్నీ, బయటివాళ్లకి ఏమీ లేకుండా) ఇచ్చాను, మిగతా ముగ్గురినీ యూజర్‌మాడ్ కమాండ్‌తో గ్రూపులో చేర్చాను. అయినా వాళ్లకి 'పర్మిషన్ డినైడ్' అనే వస్తోంది. విసుగొచ్చి అందరికీ అన్నీ తెరిచే 777 కొట్టినా అదే వరస. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ 777 తీసేసి మళ్లీ 770 పెట్టండి. 777కి కూడా తెరుచుకోలేదంటే తప్పు ఆ ఫోల్డర్‌ది కాదు, అక్కడిదాకా వెళ్లే దారిది. యూనిక్స్ కుటుంబంలో (ఉబుంటు కూడా అందులోదే) లోపలి గదికి పోవాలంటే మధ్యలో ప్రతి గడపా దాటాలి, అంటే పైనున్న ప్రతి డైరెక్టరీ మీదా వాళ్లకి ఎగ్జిక్యూట్ బిట్, ఆ 'ఎక్స్', ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీ 750తో, అంటే బయటివాళ్లకి ఏ హక్కూ లేకుండా వస్తోంది, అంతకుముందు వాళ్లకీ 'ఎక్స్' ఉన్న 755 ఉండేది, కాబట్టి మీవాళ్లు మీ హోమ్ గడప దగ్గరే ఆగిపోతున్నారని నా అనుమానం. 'నేమ్‌ఐ' కమాండ్‌కి హైఫన్ ఎల్ తగిలించి ఫోల్డర్ పూర్తి పాత్ ఇచ్చి చూడండి, రూట్ (అన్నిటికంటే పై డైరెక్టరీ) నుంచి ఒక్కో మెట్టుకీ ఓనరు, గ్రూపు, పర్మిషన్లు వరసగా చూపిస్తుంది. హోమ్‌కి 'ఎక్స్' ఇచ్చేసినా పనవుతుంది గానీ నాకు నచ్చదు. ఫోల్డర్‌నే రూట్ కింద ఉండే 'ఎస్ఆర్‌వీ'లోకి మార్చేయండి.

ఇక గ్రూపు సంగతి. లాగిన్ అయినప్పుడు ఏ గ్రూపులుంటే ఆ సెషన్‌కి అవే, తర్వాత చేర్చినవి అంటవు. వాళ్ల టెర్మినల్‌లో ఉత్త 'ఐడీ' కమాండ్ కొడితే ఆ సెషన్ గ్రూపులు వస్తాయి, పక్కన యూజర్ పేరు కూడా ఇస్తే సిస్టమ్‌లో రాసి ఉన్నవి వస్తాయి. రెండిటికీ తేడా ఉందా, లాగౌట్ చేసి మళ్లీ రమ్మనండి. టీమక్స్ (లాగౌట్ అయినా టెర్మినల్ సెషన్‌ను నడుపుతూ ఉంచే ప్రోగ్రాం) వాడేవాళ్లుంటే జాగ్రత్త, పాత సెషన్‌కే మళ్లీ అతుక్కుంటే పాత గ్రూపులే ఉంటాయి. నేనోసారి దీంతో గంటన్నర తల పట్టుకుని కూర్చున్నాను.

అన్నట్టు, యూజర్‌మాడ్‌లో క్యాపిటల్ జీ ఒక్కటే ఇచ్చారా, స్మాల్ ఏ కూడా కలిపారా? ఏ లేకపోతే అది చేర్చడం కాదు, పాత గ్రూపులు తీసేసి కొత్తది పెట్టడం. మీ పేరు మీద కూడా అలాగే కొట్టి ఉంటే సుడో గ్రూపు (అడ్మిన్ అధికారం ఇచ్చేది) పోయినట్టే, ఇప్పుడు తెరిచి ఉన్న టెర్మినల్‌ని మూయకుండా అందులోంచే వెనక్కి చేర్చుకోండి. కొత్తగా లాగిన్ అయితే ఆ చాన్స్ ఉండదు.

తెరుచుకున్నాక రెండో గొడవ మొదలవుతుంది, ఒకరు చేసిన ఫైలు ఇంకొకరు మార్చలేరు. ఫోల్డర్‌కి 2770 ఇవ్వండి, ముందున్న ఆ 2 సెట్‌జీఐడీ, దానివల్ల లోపల పుట్టే కొత్త ఫైళ్లన్నీ 'డిజైన్' గ్రూపుకే చెందుతాయి. ఉమాస్క్ (కొత్త ఫైలుకి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 022 ఉంటే ఫైలు 644తో పుడుతుంది, గ్రూపువాళ్లు చదవగలరంతే, 002 చేస్తే 664 అవుతుంది, అప్పుడు మార్చగలరు కూడా. వేరే చోటి నుంచి 'ఎమ్‌వీ' (ఫైలును జరిపే కమాండ్)తో తెచ్చిన ఫైళ్లు మాత్రం పాత గ్రూపునే వెంట తెచ్చుకుంటాయి, వాటికి గ్రూపు మార్చే 'సీహెచ్‌జీఆర్‌పీ' కమాండ్ మీరే కొట్టాలి.