ఉదయగిరి నుంచి మొదలుపెట్టు

అమ్మలూ,

హంపి వెళ్తున్నానని నువ్వు ఫోన్ చేసినప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ రెండు రోజుల్లో ఇరవై చోట్లు అని నువ్వు పంపిన లిస్టు చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నా మొదటి ప్రయాణం అచ్చం అలాగే జరిగింది. ట్రావెల్స్ బస్సు, ఒక్క రోజు, ఎక్కండి దిగండి అని కేకలు. విఠలాలయంలో రాతి రథం ముందు నిలబడ్డానో లేదో, హారన్ మోగింది. ఇంటికొచ్చాక మీ నాయనమ్మ "ఏం చూశావురా?" అని అడిగితే, ఒక్కటీ కుదురుగా చెప్పలేకపోయాను. ఆ బాధ చాలా ఏళ్లు ఉండిపోయింది.

మళ్లీ హంపి వెళ్లాలన్న కోరిక ఉదయగిరి కొండ మీద పుట్టింది. మన నెల్లూరు వైపే ఉన్నా, యాభై దాటాక గానీ ఆ కొండ ఎక్కలేదు నేను. పైన కూలిన కోటగోడ నీడన ఆయాసం తీర్చుకుంటుంటే, మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, "ఇక్కడి కృష్ణుణ్ణి రాయలు హంపికి తీసుకుపోయాడయ్యా" అన్నాడు. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి గెలిచిన సంగతి చదివాను. ఆ దేవుడి ఊసు మాత్రం నాకు గుర్తులేదు.

ఈసారి హంపిలో నేరుగా కృష్ణాలయానికే వెళ్లాను. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుణ్ణి 1515లో అక్కడే ప్రతిష్ఠించారు. తూర్పు గోపురం దగ్గర ఆగి, తలెత్తి చూడు. గచ్చుతో చేసిన సైనికులు డాళ్లు పట్టుకుని, గుర్రాల మీద కనిపిస్తారు. కొందరికి చేతులు విరిగిపోయాయి, కొన్ని గుర్రాలకు మొహాలు అరిగిపోయాయి. మన కొండ మీద జరిగిన యుద్ధమే అదంటారు. వాళ్లను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో! తర్వాత లోపలికి వెళ్తే గర్భగుడి ఖాళీ. 1565లో విజయనగర రాజ్యం యుద్ధంలో ఓడిపోయాక, దాని రాజధాని అయిన ఆ నగరమే పాడుబడింది కదా. ఆ చీకటి గడప ముందు నాకు కళ్లు చెమర్చాయి.

అందుకే చెబుతున్నా. ముందు ఒక ఆదివారం ఉదయగిరి ఎక్కు. తెల్లవారుజామునే బయల్దేరు, నీళ్లు ఎక్కువ పెట్టుకో, ఒంటరిగా వద్దు. ఆ తర్వాత హంపి. గుంతకల్లు మీదుగా రైల్లో హొసపేటలో దిగొచ్చు. చలికాలమైతే హాయి, ఎండాకాలంలో ఆ బండలు నిప్పుల్లా కాలతాయి. లిస్టులో సగం కొట్టేయ్. కృష్ణాలయానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లు. వెలుగు మారితే ఆ బొమ్మలు వేరేగా కనిపిస్తాయి. రోడ్డుకు అవతల పాత బజారు పక్కన కోనేరుంది, దాని మెట్ల మీద ఊరికే కూర్చో. ఫోన్ సంచిలో పెట్టెయ్. అక్కడ కాపలా ఉండేవాళ్లతో, టీ అమ్మేవాళ్లతో మాట కలుపు, నీకు వచ్చిన కాస్త కన్నడం చాలు.

ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. కొండ చూశాను, ఖాళీ గుడి చూశాను, ఆయన్ని మాత్రం ఇంకా చూడలేదు. హంపి నుంచి వచ్చాక ఇద్దరం కలిసి వెళ్దాం. శుక్రవారం అక్కడ సెలవు, టికెట్లు చూసి తీయి.

మీ పెదనాన్న