ముందు ఇంధనం సంగతి చూడు

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

ఊక, గడ్డి లాంటివి కాల్చి నడిపే బయోమాస్ కరెంటు ప్లాంటు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గర్వంగానే అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అనుమతులు, బ్యాంకు లోను నువ్వు చూసుకోగలవు. టర్బైను గురించీ నాకు బెంగ లేదు. నా టెన్షనంతా ఇంధనం గురించే. నీ రిపోర్టులో దానికి ఒక్క పేజీ ఇచ్చావట! ఒక మెగావాట్ ప్లాంటు రోజంతా నడవాలంటే ఊక 30 టన్నులకు అటూ ఇటుగా కావాలి. ఊకతో లారీ నిండుతుంది గానీ బరువు తూగదు. దూరం నుంచి తెస్తే లాభమంతా కిరాయికే పోతుంది.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో బాయిలర్‌ని ఊక కోసమే కట్టారు. మొదట్లో ఊకను ఎవరూ లెక్కచేసేవారు కాదు. మేం కొనడం మొదలయ్యాక దాని రేటు పెరిగింది. దాంతో యాజమాన్యం చవగ్గా దొరికిన గడ్డి వేయించింది. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పొటాషియం వల్ల బూడిద తక్కువ వేడికే మెత్తబడి గొట్టాలకు పట్టి రాయైపోతుంది. క్లోరిన్, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను తినేస్తుంది. ప్లాంటు ఆపడం, చల్లారాక ఆ రాయైన బూడిదను, అదే క్లింకర్‌ను కొట్టడం, మళ్లీ వెలిగించడం, ఇదే మా పని. పైగా వానకు తడిసిన గడ్డికి కూడా తూకాన్ని బట్టే డబ్బిచ్చేవారు. అంటే నీళ్లు కొన్నట్టే కదా! ఆ నీళ్లను ఆవిరి చేయడానికే మంటలో వేడి ఖర్చయ్యేది. చివరికి గొట్టం పగిలి ప్లాంటు మూలపడింది. నువ్వు మాత్రం లారీ లారీకీ తేమ కొలిచి, దాన్ని బట్టే రేటు కట్టు.

తడి కుప్పలు లోపల్లోపలే వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. కుప్పలు చిన్నవిగా వేయించు, మధ్యలో దారి వదులు, ముందొచ్చింది ముందు వాడు. ఇంధనం నిల్వ చేసే మూసి ఉన్న బంకర్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. గాలి పరీక్షించకుండా ఎవర్నీ దింపకు. నువ్వైతే అసలు దిగకు. చిన్నప్పుడు సందు కనిపిస్తే చాలు దూరేదానివి, నాకు తెలియదా!

ఇంత చెప్పానని వెనకాడకు. ఎండ, గాలి మన మాట వినవు. ఇంధనం ఉంటే ఈ ప్లాంటు రాత్రయినా కరెంటిస్తుంది. పొలంలో ఊరికే తగలబడే గడ్డిని బాయిలర్‌లో కాల్చి, పొగలో దుమ్మును ఫిల్టర్‌తో పట్టడం మంచి పనే. అయితే గడ్డంతా ఊడ్చుకురాకు, నేలకూ కొంత మిగలాలి. చెట్లు నరికించి మాత్రం కార్బన్ భారం లేదని బ్రోషర్‌లో వేసుకోకు. పైరు ఏడాదిలో తిరిగి పెరిగి ఆ కార్బన్‌ను పీల్చుకుంటుంది, చెట్టుకు దశాబ్దాలు పడుతుంది. ఇంకో మాట, చిన్న ప్లాంట్లలో ఇంధనంలోని శక్తిలో పావు వంతు కరెంటుగా మారితే గొప్పే. మిగిలిన వేడిని కొనే ఫ్యాక్టరీ పక్కనే ఉందేమో చూడు.

బాయిలర్ ఆర్డరు మీద సంతకం పెట్టేముందు, నువ్వు వాడబోయే ప్రతి ఇంధనానికీ తేమ, బూడిద, క్లోరిన్ ల్యాబ్ రిపోర్టులు నాకు పంపు. కొత్త కళ్లజోడు వచ్చింది, చిన్న అక్షరాలైనా చదువుతాను.

ప్రేమతో,
పెదనాన్న