మిథనాల్ నుంచి హైడ్రోజన్: రాగా, పల్లాడియమా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మిథనాల్ నుంచి హైడ్రోజన్ తీయాలి, రాగి క్యాటలిస్ట్ (చర్యని వేగంగా నడిపించే పదార్థం) తొందరగా చచ్చిపోతుందట, పల్లాడియం కొనమంటారా అని అడిగారు. పీహెచ్‌డీ అంతా ఈ రియాక్టర్ల దగ్గరే గడిపినవాణ్ణి. రాగితోనే మొదలుపెట్టండి.

అసలు ఏ లోహం అన్నది సగం ప్రశ్నే. దాన్ని దేని మీద ఎక్కిస్తున్నారన్నదీ చెప్పాలి. పల్లాడియాన్ని సిలికా మీద పెట్టి మిథనాల్, నీటి ఆవిరి పంపితే ఎక్కువగా కార్బన్ మోనాక్సైడే వస్తుంది. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కి అది విషం. అదే పల్లాడియాన్ని జింక్ ఆక్సైడ్ మీద పెట్టి హైడ్రోజన్‌లో వేడిచేస్తే జింక్‌తో కలిసి మిశ్రమ లోహం అవుతుంది, ఇక రాగిలాగే కార్బన్ డయాక్సైడ్ వైపు మళ్లుతుంది. 1990ల్లో జపాన్‌లో ఇవాసా, తకెజావా అనే పరిశోధకులు చూపించిన సంగతి ఇది. అంత ఖరీదు పెట్టి చివరికి రాగి చేసే పనే చేయించుకోవడం మీ బడ్జెట్‌కి ఎందుకు చెప్పండి?

ఇక రాగి. రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిసిన క్యాటలిస్ట్‌కి 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ చాలు. 300 దాటితే రాగి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది. చచ్చిపోతుందని మీరు విన్నది చాలావరకు ఇదే. క్లోరిన్, గంధకం కూడా పడవు. అందుకే క్లోరైడ్ లవణాలు వద్దు, నైట్రేట్లే కొనండి.

క్యాటలిస్ట్ తయారీలో ఓపిక కావాల్సింది అవక్షేపం దగ్గర, అంటే ద్రావణంలోంచి ఘనపదార్థం విడిపోయే దశలో. రాగి, జింక్, అల్యూమినియం నైట్రేట్ల ద్రావణాన్నీ సోడియం కార్బొనేట్‌నీ పీహెచ్ 7 దగ్గర నిలబెడుతూ, 60–70 డిగ్రీల వేడిలో కలపాలి. మొదట లేత నీలంగా ముద్దలా ఉంటుంది. కలుపుతూ వదిలేస్తే కాసేపటికి ఆకుపచ్చకి తిరుగుతుంది. ఆ రంగు మారేదాకా వడకట్టొద్దు. తర్వాత సోడియం పోయేదాకా కడగండి. విసుగొచ్చి ఇక్కడ ఆపేసేవాళ్లే ఎక్కువ.

రిడక్షన్‌కి, అంటే రాగి ఆక్సైడ్‌ని లోహపు రాగిగా మార్చడానికి, నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపి, నెమ్మదిగా వేడి పెంచండి. ఆ చర్యే వేడిని పుట్టిస్తుంది, స్వచ్ఛమైన హైడ్రోజన్ ఒక్కసారి వదిలితే రియాక్టర్‌లో నింపిన క్యాటలిస్ట్ లోపలి ఉష్ణోగ్రత చేయి దాటిపోతుంది. పని అయ్యాక రియాక్టర్ వెంటనే తెరవొద్దు. రిడ్యూస్ అయిన రాగి గాలి తగిలితే తనంతట తానే ఎర్రగా కాలుతుంది. చల్లార్చి, నైట్రోజన్‌లో ఒక శాతం ఆక్సిజన్ పంపి, అప్పుడు తీయండి.

ఇంకొకటి. వచ్చిన వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో టీసీడీ డిటెక్టర్‌కి (వాయువు వేడిని ఎంత బాగా మోస్తుందో చూసి గుర్తించేది) మోసుకెళ్లే వాయువుగా హీలియం వాడితే హైడ్రోజన్ పీక్ సరిగా కనబడదు, ఆర్గాన్ పెట్టండి. ఆర్గాన్ వాడినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కొద్దిపాటిగా ఉంటే దొరకదు, దానికి మెథనైజర్ (కార్బన్ మోనాక్సైడ్‌ని మీథేన్‌గా మార్చేది) ఉన్న ఎఫ్‌ఐడీ (మంటలో కాల్చి గుర్తించే డిటెక్టర్) కావాలి. ఫ్యూయల్ సెల్ వాహనాల హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్‌కి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పెట్టిన హద్దు 0.2 పీపీఎమ్ (పది లక్షల్లో 0.2 వంతు). మీ రియాక్టర్ నుంచి నేరుగా వచ్చే వాయువు ఆ దరిదాపుల్లో ఉండదు, శుద్ధి చేసే దశ వేరేగా ఉంటుందని రిపోర్టులో ముందే రాసేయండి, వైవాలో అడుగుతారు.