మూడో పార్టీ ఓట్లు చీలిస్తే పెద్ద పార్టీ ఓడిపోతుందా?
అరుదుగా. మూడో అభ్యర్థి ఓట్లు మెజారిటీని మించితే చాలు, ‘చీల్చేశాడు’ అంటారు. అది సగం లెక్కే. అతను లేకపోతే ఆ ఓటర్లు ఎటు మొగ్గేవారు, ఎందరు బూత్‌కే వచ్చేవారు కాదు అన్నవీ చూడాలి.

2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రంలో డెమొక్రాట్ గోర్‌పై రిపబ్లికన్ బుష్ మెజారిటీ 537. గ్రీన్ పార్టీ నేడర్‌కు 97,488 ఓట్లు. బుష్‌కు వెళ్లేవి, ఇంట్లోనే ఉండిపోయేవి తీసేశాక వాటిలో ఒక్క శాతం గోర్‌కు నికరంగా మిగిలినా సుమారు 975, అంటే ఫలితం తారుమారు. (అదే రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో ఓటర్లను తికమకపెట్టిన బ్యాలెట్ పత్రానికీ ఇదే నింద చెల్లుతుంది.) తేడా వేలల్లో ఉంటే ఈ వాదన సాధారణంగా నిలవదు.

దీనికి అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వాడే మందు ప్రాధాన్య ఓటు: ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాడు. 2018లో అక్కడి రెండో నియోజకవర్గంలో (అమెరికా ప్రతినిధుల సభ స్థానం) తొలి లెక్కింపులో వెనకబడ్డ జారెడ్ గోల్డెన్, ఇద్దరు స్వతంత్రుల ఓట్లు తదుపరి ఎంపికలకు బదిలీ అయ్యాక గెలిచారు.