డ్రెసాజ్ నేర్పే గురువు కావాలంటే ఏ దారిలో వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నాలుగేళ్లుగా నగర శివారులోని ఒక క్లబ్బులో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. పోటీల మీద ఆసక్తి లేదు. గుర్రాన్ని సూక్ష్మమైన సంకేతాలతో లయబద్ధంగా నడిపించే డ్రెసాజ్ అనే యూరప్ సంప్రదాయ స్వారీని నేర్చుకుని, దాన్ని నేర్పడమే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. దీంతో జీవితం గడుస్తుందా? – ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: గడుస్తుంది. అయితే ఇంజనీరింగ్ లాగా నాలుగేళ్లకు పట్టా, ఆ వెంటనే ఉద్యోగం అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఈ సంప్రదాయానికి పేరుపడ్డ వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో ఒక విద్యార్థి పూర్తిస్థాయి రౌతు కావడానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పడుతుంది. 1565 నాటి పత్రాల్లో ప్రస్తావన ఉన్న ఆ పాఠశాల 2008 వరకు అమ్మాయిలను విద్యార్థులుగా చేర్చుకోనే లేదు. ఇప్పుడు ఆ అడ్డు తొలగినా సీట్లు అతి కొద్ది కాబట్టి, దాన్ని గమ్యంగా పెట్టుకోమని నేను చెప్పను. అక్కడి బోధన పద్ధతిని మాత్రం మీరిద్దరూ తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అమ్మాయి రేపు చేయబోయే పని అదే.

అక్కడ చేరిన విద్యార్థి మొదట చాలాకాలం పగ్గాలూ రికాబులూ లేకుండా, గురువు పొడవాటి తాడు పట్టుకుని తన చుట్టూ తిప్పుతున్న గుర్రం మీద కుదురుగా కూర్చోవడమే నేర్చుకుంటాడు. గుర్రం ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) అందుకోగానే కొత్తవాళ్లు భయంతో మోకాళ్లు బిగిస్తారు. బిగించినకొద్దీ జీను మీద ఎగిరెగిరి పడతారు, ఆ దెబ్బలకు గుర్రం వీపు గట్టిపరుచుకుని మరింత వేగం పెంచుతుంది. ఇక్కడ గుర్రాన్ని అదిలించడం వల్ల ప్రయోజనం లేదు. ఊపిరి పూర్తిగా వదలమనీ, తొడలు వదులు చేయమనీ, చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీదికి వచ్చేలా కూర్చోమనీ గురువు చెబుతాడు. నాలుగైదు చుట్లు తిరిగేసరికి గుర్రం మెడ కిందికి చాచి, ముక్కుతో మెత్తగా బుస కొడుతుంది. వీపు వదులైందనడానికి అది గుర్తు. జర్మన్లు ఈ వదులుతనాన్ని లోస్‌గెలాసెన్‌హైట్ అంటారు. వాళ్ల శిక్షణ క్రమంలోని ఆరు మెట్లలో లయ తర్వాత వచ్చే రెండో మెట్టు ఇదే.

అందుకే నా మొదటి సలహా ఖర్చులేనిది. మీ అమ్మాయిని ఒక రోజు గుర్రం ఎక్కకుండా మైదానం అంచున కూర్చోమని, ఇతరుల గుర్రాలు ఎందుకు తొందరపడుతున్నాయో, ఎందుకు మొరాయిస్తున్నాయో మీకు చెప్పమనండి. గంటసేపు విసుగు లేకుండా చూసి, కారణాన్ని రౌతు కూర్చున్న తీరులో వెతకగలిగితే ఆమెలో బోధకురాలు ఉన్నట్టే. ఎప్పుడు ఎక్కుదామా అని గడియారం చూస్తుంటే స్వారీని అభిరుచిగా ఉంచుకోవడం మంచిది.

ఇక చదువు విషయానికి వస్తే, జర్మనీ మార్గం మీలాంటి మధ్యతరగతి కుటుంబానికి ఎక్కువ అనువైనదని నా అభిప్రాయం. అక్కడ ప్‌ఫేర్డెవిర్ట్ అనే మూడేళ్ల వృత్తి శిక్షణ ఉంది. అందులోని ఐదు శాఖల్లో ఒకటి సంప్రదాయ స్వారీ శిక్షణ. ఒక అశ్వశాలలో పనిచేస్తూనే వృత్తి పాఠశాలకు వెళతారు, నెలనెలా కొంత భత్యం కూడా ఇస్తారు. తరువాత అనుభవం గడించి మైస్టర్ (ఆ వృత్తిలో పై స్థాయి నిపుణుల పట్టా) పరీక్ష రాయవచ్చు. అయితే భత్యం వస్తుందన్న మాట విని పొంగిపోకండి: తెల్లవారకముందే పేడ ఎత్తడం, మేత వేయడం, చలికాలంలో ఆదివారాలు కూడా లాయంలో గడపడం ఆ మూడేళ్లలో భాగం. భాష రాకపోతే గురువు చెప్పే సూక్ష్మమైన మాట తలకెక్కదు, రేపు విద్యార్థికి చెప్పడమూ కుదరదు. ఆంగ్లంలోనే నేర్వాలంటే బ్రిటిష్ హార్స్ సొసైటీ దశలవారీ పరీక్షలు ఉన్నాయి. స్వారీ, సంరక్షణ, బోధన వాటిలో వేర్వేరుగా పరీక్షిస్తారు.

తిరిగి వస్తే పని ఉంటుందా అన్నది మీ అసలు సందేహం కావచ్చు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల డ్రెసాజ్ జట్టు విభాగంలో భారత్‌కు స్వర్ణం తెచ్చిన నలుగురూ యూరప్‌లో శిక్షణ పొందినవారే. ఇక్కడ ఆ స్థాయి బోధకులు ఎంత తక్కువో దీన్నిబట్టే గ్రహించవచ్చు. మన క్లబ్బుల్లో నేర్పేవారిలో చాలామంది సైన్యపు అశ్విక దళాల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వారి క్రమశిక్షణకు నేను నమస్కరిస్తాను, కాని ఆడపిల్లలకూ, నడివయసులో స్వారీ మొదలుపెట్టేవారికీ ఓపికగా కూర్చోవడం నేర్పేవారి కొరత నగరాల్లో ఉంది. తొలి ఏళ్లలో ఒకే క్లబ్బు జీతంతో సరిపోకపోవచ్చు, పాఠాలకూ గుర్రాల శిక్షణకూ విడివిడిగా రుసుము తీసుకునే ఏర్పాటు చేసుకోవాలి. కిందపడటం ఈ వృత్తిలో తప్పదు కాబట్టి ప్రమాద బీమాను మొదటి సంపాదనతోనే కట్టించండి.

ఇంటర్ పరీక్షలు కాగానే దూరవిద్యలో ఏదో ఒక డిగ్రీలో చేర్పించి, హైదరాబాద్‌లోని జర్మన్ భాషా కేంద్రం గోథే జెంత్రుమ్‌లో జర్మన్ మొదలుపెట్టించండి. ఆ ఏడాదంతా వారానికి రెండు రోజులైనా ఇప్పటి క్లబ్బులోనే స్వారీ పక్కనపెట్టి లాయం పని అడిగి చేయమనండి. బి1 (మధ్యస్థ) స్థాయి జర్మన్ చేతికొచ్చాక, అక్కడి అశ్వశాలలకు ఆమె స్వారీ వీడియోతో పాటు, ఒక కొత్త విద్యార్థికి ఆమె పాఠం చెబుతున్న వీడియోను కూడా పంపండి.